రొమాంటిక్ కామెడీ ఆనిమే రెండో సీజన్: మొదటిది మళ్ళీ చూడాలా, నేరుగా వెళ్ళిపోవచ్చా?

ఒక ఆనిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) మొదటి సీజన్ ఎంతో ఇష్టపడి చూశారు. ఆ తర్వాత ఏడాదో రెండేళ్ళో గడిచాయి, ఇప్పుడు రెండో సీజన్ చేతికి అందింది. తీరా చూద్దామని కూర్చుంటే, పాత్రల పేర్లు సగమే గుర్తొస్తున్నాయి. ఇప్పుడేం చేయాలి? మొదటి సీజన్ మొత్తం మళ్ళీ చూడాలా, ముఖ్యమైన ఎపిసోడ్లు చాలా, మాంగా (దానికి మూలమైన బొమ్మల కథల పుస్తకం) తిరగేయాలా, లేక ఏదైతే అదయిందని నేరుగా కొత్త సీజన్ మొదలుపెట్టేయాలా?

ఫైట్లు ఉండే ఆనిమేకి ఈ ప్రశ్న ఇంత కష్టంగా ఉండదు. ఎవరు ఎవరికి శత్రువో, ఎవరికి ఏ శక్తి ఉందో ఎవరైనా చెప్తే సరిపోతుంది. రొమాంటిక్ కామెడీలో కథను ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం, ఇద్దరూ బయటపడటం లేదు. కానీ రెండో సీజన్ నడిచేది ఆ ఒక్క ముక్క మీద కాదు. వాళ్ళిద్దరి మధ్య పోగుపడిన చిన్న చిన్న విషయాల మీద. కథ గుర్తుండటం వేరు, వాళ్ళ మీద మనకున్న ఇష్టం మళ్ళీ మేల్కోవడం వేరు. నా సలహా అంతా ఈ తేడా చుట్టూనే ఉంటుంది. అందుకే పది నిమిషాల్లో కథంతా చెప్పేసే వీడియోలను నేను ఎవరికీ సూచించను. ఏం జరిగిందో అవి చెప్తాయి గానీ, అది చూసినప్పుడు మనకెలా అనిపించిందో తిరిగి ఇవ్వలేవు.

మొదటి సీజన్లలోని విషయాలు ఇక్కడ దాచకుండా మాట్లాడతాను. రెండో సీజన్ల ముగింపులు మాత్రం చెప్పను.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముఖ్యమైనది, రెండో సీజన్ మీ నుంచి ఏం గుర్తుపెట్టుకోమని అడుగుతోందన్నది. కొన్నిటికి జోకుల అలవాటు గుర్తుంటే చాలు. కొన్నిటికి పాత్రల గాయాలు గుర్తుండాలి. ఇంకొన్నిటికి, ఆ ఇద్దరూ ఎంత దూరం నుంచి ఎంత దగ్గరికి వచ్చారో ఒంటికి పట్టి ఉండాలి.

తర్వాత, మొదటి సీజన్ ఎక్కడ ఆగిందో చూడండి. ఊపిరి పీల్చుకునే చోట ఆగితే విరామం ఎంత ఎక్కువైనా పరవాలేదు. మాట మధ్యలో ఆగినట్టుంటే, కనీసం చివరి ఎపిసోడ్లయినా మళ్ళీ చూడక తప్పదు.

మూడోది సమయం. పన్నెండు ఎపిసోడ్ల సీజన్ అంటే, ఒక్కోటి 24 నిమిషాల చొప్పున ఐదు గంటలకు కొంచెం తక్కువ. మొదటి పాట, చివరి పాట దాటేస్తే నాలుగు గంటల పైచిలుకు. ఒక ఆదివారంలో అయిపోతుంది. పాతిక ఎపిసోడ్లయితే పది గంటలు, అది వేరే లెక్క.

నాలుగోది చాలామంది పట్టించుకోరు: తీసినవాళ్ళు వాళ్ళేనా? స్టూడియో మారితే ముఖాలు మారతాయి, రంగులు మారతాయి, ఒక్కోసారి కథ నడక కూడా మారుతుంది.

నేను బాగా ఎరిగిన ఐదు ఆనిమేలను ఈ లెక్కన పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| ఆనిమే | మొదటి సీజన్ | రెండో సీజన్ | తీసిన స్టూడియో | నా సలహా |
|---|---|---|---|---|
| కాగుయా-సామా: లవ్ ఈజ్ వార్ | 2019, 12 ఎపిసోడ్లు | 2020, 12 ఎపిసోడ్లు | అదే (ఏ-1 పిక్చర్స్) | ఎంచుకున్న నాలుగైదు ఎపిసోడ్లు |
| ద డేంజర్స్ ఇన్ మై హార్ట్ | 2023, 12 ఎపిసోడ్లు | 2024, 13 ఎపిసోడ్లు | అదే (షిన్-ఏ యానిమేషన్) | మొత్తం మళ్ళీ |
| కిమి ని తోడోకె | 2009-10, 25 ఎపిసోడ్లు | 2011, 12 ఎపిసోడ్లు, ముందు ఒక రీక్యాప్ (పాత కథ గుర్తుచేసే ఎపిసోడ్) | అదే (ప్రొడక్షన్ ఐ.జి.) | మొదటి ఆరు, తర్వాత రీక్యాప్ |
| ఒరెగైరు | 2013, 13 ఎపిసోడ్లు | 2015, 13 ఎపిసోడ్లు | మారింది | చివరి భాగం, తర్వాత కొన్ని రోజులు ఆగడం |
| టీజింగ్ మాస్టర్ తకాగి-సాన్ | 2018, 12 ఎపిసోడ్లు | 2019, 12 ఎపిసోడ్లు | అదే (షిన్-ఏ యానిమేషన్) | నేరుగా |

మొత్తం మళ్ళీ చూడటం

దీనికి "ద డేంజర్స్ ఇన్ మై హార్ట్" కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. నోరియో సకురాయి మాంగా ఆధారంగా హిరోయాకి అకాగి దర్శకత్వం వహించిన ఆనిమే ఇది. ఇచికావా అనే కుర్రాడు క్లాసులో ఎవరితోనూ కలవడు, తన తలలో తానొక ప్రమాదకరమైన మనిషినని ఊహించుకుంటూ ఉంటాడు. అదే క్లాసులో యమడా. పొడవైన పిల్ల, మోడలింగ్ చేస్తుంది, అందరికీ ఇష్టం. ఆమె లైబ్రరీలోకి వచ్చి దొంగచాటుగా చిరుతిళ్ళు తింటూ ఉంటే ఇతను చూస్తాడు. కథ అక్కడ మొదలవుతుంది.

మొదటిసారి మనం ఇదంతా ఇచికావా కళ్ళతో చూస్తాం. తనను ఎవరూ ఇష్టపడరని అతను గట్టిగా నమ్ముతాడు కాబట్టి మనమూ అదే నమ్మి యమడా పనులను పైపైన చూసి వదిలేస్తాం. రెండోసారి చూసినప్పుడు అతని మాటలు పక్కన పెట్టి యమడానే గమనించండి. లైబ్రరీకి ఆమె మళ్ళీ మళ్ళీ రావడం తిండి కోసమేనా? అతను తన పక్కన నిలబడ్డాడని తెలిసిన క్షణంలో ఆమె ముఖం ఎలా మారుతోంది? అదే సీజన్, కానీ ఈసారి ఇద్దరి కథ కనిపిస్తుంది. ఇదంతా మొదటిసారే అక్కడ ఉంది, చూసే చూపు మాత్రం మనకు అప్పుడు లేదు.

రెండో సీజన్ ఈ చూపు మనకు ఉందనుకునే మొదలవుతుంది. ఎపిసోడ్ల లెక్క కూడా ఒకటి నుంచి కాకుండా పదమూడు నుంచి కొనసాగుతుంది. ఇద్దరి మధ్య మాటల కంటే మౌనాలు ఎక్కువ పని చేస్తాయి. కెన్‌సుకె ఉషియో సంగీతం ఆ మౌనాలను ఎంత జాగ్రత్తగా పట్టుకుంటుందంటే, మొదటి సీజన్ తాజాగా గుర్తున్నవాళ్ళకు కొన్ని సీన్లు గుండెను మెలిపెడతాయి. గుర్తు లేనివాళ్ళకు అవే సీన్లు 'బాగున్నాయి' అనిపించి ఊరుకుంటాయి.

ఇబ్బంది ఒకటుంది. మొదటి రెండు మూడు ఎపిసోడ్లలో ఇచికావా ఊహలు చిరాకు పుట్టిస్తాయి. అక్కడే ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. రెండోసారి చూసేటప్పుడు వాటిని దాటేయాలని మీకూ అనిపిస్తుంది. దాటేయొద్దు. అక్కడి ఇచికావాకీ, రెండో సీజన్‌లో ఎదుటి మనిషి కోసం ధైర్యం కూడగట్టుకునే ఇచికావాకీ మధ్య ఉన్న దూరమే ఈ కథ. మొదటి గట్టు చూడకపోతే ఏరు ఎంత వెడల్పో తెలీదు.

ఎంచుకున్న ఎపిసోడ్లు

"కాగుయా-సామా" అకా అకసాకా మాంగా నుంచి వచ్చింది. ఒక్కో ఎపిసోడ్‌లో సాధారణంగా మూడు చిన్న కథలుంటాయి. విద్యార్థి సంఘం గదిలో ఇద్దరు మేధావులు, కాగుయా షినోమియా, మియుకి షిరోగానె. ముందు ఎవరు ప్రేమ బయటపెడితే వాళ్ళు ఓడినట్టు. ఈ ఆట నియమం తెలిస్తే ఏ ఎపిసోడ్ అయినా నవ్విస్తుంది. అందుకే మొత్తం మళ్ళీ చూడటం ఇక్కడ తప్పనిసరి కాదు. పైగా ఒకే రకం ఎత్తుకు పైఎత్తులు వరసగా పన్నెండు ఎపిసోడ్లు చూసి, వెంటనే మరో పన్నెండు మొదలుపెడితే రెండో సీజన్ జోకులు సగం బలం కోల్పోతాయి. కామెడీకి ఆకలి ఉండాలి.

నేనైతే ఇవి చూడమంటాను. సినిమా టికెట్ల గొడవతో మొదలయ్యే మొదటి ఎపిసోడ్, ఆట నియమం కోసం. అదే సంఘంలోని అమ్మాయి చికా ఫుజివారా డాన్స్‌తో ముగిసే మూడో ఎపిసోడ్, ఆ అల్లరి మళ్ళీ మనసుకెక్కడం కోసం. సంఘంలోని మరో కుర్రాడు ఇషిగామి ఎక్కువగా కనిపించే ఎపిసోడ్ ఒకటి. ఇక వేసవి సెలవులు, బాణసంచా రాత్రి ఉన్న చివరి రెండూ. ఇంటివాళ్ళు కాగుయాను బయటికి వెళ్ళనివ్వని రాత్రి, మిగతా ముగ్గురూ ఆమెను బాణసంచా దగ్గరికి తీసుకెళ్తారు. తీరా అక్కడికి వెళ్ళాక ఆమె చూపు ఆకాశం మీద నిలవదు, పక్కనున్న షిరోగానె ముఖం మీదే నిలిచిపోతుంది. ఆ రాత్రి తర్వాత ఈ ఆట ఆటగా మిగల్లేదు. రెండో సీజన్‌లో కాగుయా ఎందుకంత తడబడుతుందో అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి.

ఇషిగామి పేరు ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. మొదటి సీజన్‌లో అతను మూలన కూర్చుని ఇంటికెళ్ళిపోతానని గొణిగే కుర్రాడు. రెండో సీజన్ అతని గతాన్ని తెరుస్తుంది. మికో ఈనో అనే కొత్త అమ్మాయి విద్యార్థి సంఘం ఎన్నికల్లో షిరోగానెకి పోటీగా దిగుతుంది. ఈ ఇద్దరి వల్లే రెండో సీజన్, మొదటిదాన్ని మించిందని నా అభిప్రాయం. స్పోర్ట్స్ ఫెస్టివల్ ఎపిసోడ్లు చూసేటప్పుడు ఇషిగామి మీకు అపరిచితుడిలా ఉండకూడదు.

మాంగా చదవడం

ఇది చాలామంది మొదట తీసుకునే దారి. నా ఉద్దేశంలో మాంగా విలువైనదే, కానీ దాని చోటు రెండో సీజన్ తర్వాత, ముందు కాదు. కాగుయా-సామా మాంగా 28 సంపుటాలుగా 2022లో పూర్తయింది, కాబట్టి ముగింపు తెలుసుకోవాలన్న ఆత్రం సహజం. కానీ రెండో సీజన్‌లో రాబోయే భాగాన్ని ముందే చదివేస్తే పెద్ద నష్టం జరుగుతుంది. ఈ ఆనిమే నవ్వుల్లో పెద్ద వాటా గొంతులది. కాగుయాకి గొంతిచ్చిన అవోయి కోగా ఒక్క వాక్యంలో మూడు రకాలుగా మారిపోవడం, వ్యాఖ్యాత యుతాకా అవోయామా యుద్ధవార్త చదివినంత గంభీరంగా ఒక పిచ్చి విషయాన్ని వివరించడం, ఇవి కాగితం మీద ఉండవు. జోకు ముందే తెలిశాక వాటి దెబ్బ సగమే తగులుతుంది.

మాంగానే మొదలుపెట్టాలని గట్టిగా ఉంటే, ఆనిమే ఆగిన చోటు వెతుక్కుని మధ్యలోంచి కాకుండా మొదటి సంపుటం నుంచి చదవండి. ఆనిమేలో కథల వరస అక్కడక్కడా మార్చారు, మధ్యలో దూరితే తికమక పడతారు.

ఎదురుచూపు మరీ సుదీర్ఘమైనప్పుడు మాత్రం లెక్క మారుతుంది. కిమి ని తోడోకె రెండో సీజన్ 2011లో ముగిస్తే, మూడోది నెట్‌ఫ్లిక్స్‌లో 2024లో వచ్చింది. మధ్యలో పదమూడేళ్ళు. కరుహో షీనా రాసిన 30 సంపుటాలే ఆ కాలమంతా అభిమానులను నిలబెట్టాయి.

నేరుగా రెండో సీజన్‌కి

తకాగి-సాన్ విషయంలో సంకోచం వద్దు. తకాగి నిషికతాను ఆటపట్టిస్తుంది, అతను పగ తీర్చుకుందామని పథకం వేస్తాడు, ఓడిపోతాడు. ఏ చిన్న కథకు ఆ చిన్న కథే. చూస్తూ ఉండగానే ఇద్దరి మధ్య చనువు పెరుగుతుంది, దానికి ముందస్తు తయారీ అక్కర్లేదు.

కిమి ని తోడోకె దగ్గర మాత్రం కాస్త ఆగాలి. రెండో సీజన్ మొదట్లోనే పాత కథను గుర్తుచేసే ఎపిసోడ్ ఉంది కదా, ఇక నేరుగా వెళ్ళిపోవచ్చు అనిపిస్తుంది. కథ అర్థం కావడానికి అది నిజంగానే చాలు. కానీ ఈ సీజన్ వాలెంటైన్స్ డే నాడు ఇవ్వలేకపోయిన చాక్లెట్‌తో మొదలై, చాలాదూరం అపార్థాల మీద నడుస్తుంది. హీరోయిన్ సవాకో ఎందుకు నోరు విప్పదు, ఆమె ఇష్టపడే కజెహాయా ఎందుకు తప్పుగా అనుకుంటాడు అని విసుగొచ్చే అవకాశం బాగా ఉంది. ఆ విసుగుకి విరుగుడు మొదటి సీజన్ మొదటి ఆరు ఎపిసోడ్లు. దెయ్యం సినిమాలోని సడాకో పేరుతో క్లాసంతా ఆమెను పిలవడం, ఆమె మీద పుకార్లు పుట్టడం, తన వల్ల స్నేహితురాళ్ళు చిజురు, అయానెలకు చెడ్డపేరు వస్తుందని ఆమె వాళ్ళకు దూరం జరగడం అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఒకరికి తాను నచ్చగలనన్న ఊహే రాని అమ్మాయి ఆమె. అది గుర్తున్నవాళ్ళకు రెండో సీజన్‌లోని ఆమె మౌనం మీద కోపం రాదు, జాలేస్తుంది. పది గంటలు పెట్టక్కర్లేదు, రెండున్నర గంటలు చాలు.

స్టూడియో మారినప్పుడు

ఒరెగైరు మొదటి సీజన్ బ్రెయిన్స్ బేస్ తీసింది, రెండోది ఫీల్ అనే స్టూడియో. దర్శకులూ మారారు. ముఖాల గీత మెత్తబడింది, మనసు బరువెక్కింది. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ పూర్తవగానే రెండో సీజన్ పెడితే వీళ్ళు వాళ్ళేనా అనిపిస్తుంది. అందుకే మధ్యలో కొన్ని రోజులు ఆగమంటాను. జ్ఞాపకంలో ముఖాలు కాస్త మసకబారితే కొత్త గీత సులువుగా కలిసిపోతుంది.

అయితే ఏం జరిగిందో మర్చిపోకూడదు. కల్చరల్ ఫెస్టివల్‌లో హీరో హచిమాన్ తనను తాను చెడ్డవాణ్ణి చేసుకుని అందరి సమస్యా తీరుస్తాడు. రెండో సీజన్ మొదలయ్యే క్యోటో యాత్రలో మళ్ళీ అదే పద్ధతి. ఈసారి దాని ఖరీదు పక్కనున్న ఇద్దరు అమ్మాయిలు చెల్లిస్తారు. మొదటి దెబ్బ గుర్తుంటేనే రెండోది తగులుతుంది. ద క్విన్‌టెసెన్షియల్ క్విన్‌టుప్లెట్స్ కూడా రెండో సీజన్‌కి స్టూడియో మారింది, దానికీ ఇదే జాగ్రత్త పనికొస్తుంది.

మీరు ఎలాంటి ప్రేక్షకులు?

ఉద్యోగం, ఇల్లు, పిల్లలతో రోజుకు ఒక ఎపిసోడ్‌కే వీలయ్యేవాళ్ళు మొత్తం మళ్ళీ చూడాలన్న పట్టుదల పెట్టుకోవద్దు. రెండు వారాలకు మొదటి సీజన్ పూర్తయ్యేసరికి ఉత్సాహం చల్లారిపోతుంది. నాలుగు ఎపిసోడ్లు ఎంచుకోండి, ఐదో రోజు కొత్తది మొదలుపెట్టండి.

మీతో కలిసి చూసే మనిషి మొదటి సీజన్ చూడకపోతే ఆలోచించే పనే లేదు, మొదటి నుంచి ఇద్దరూ చూడండి. బాణసంచా రాత్రిని మొదటిసారి చూస్తున్న మనిషి పక్కన కూర్చోవడం చాలా గొప్ప అనుభవం. తర్వాత ఏమవుతుందో మాత్రం నోరు జారకండి.

కాలేజీలో చూసినది ఇప్పుడు అంత నచ్చదేమోనన్న భయం ఉన్నవాళ్ళూ ఉంటారు. ఆ భయం అర్థం లేనిది కాదు. వాళ్ళకు నా సలహా, మళ్ళీ చూసి పాత జ్ఞాపకాన్ని పరీక్షకు పెట్టకుండా నేరుగా రెండో సీజన్‌కి వెళ్ళండి. మూడు ఎపిసోడ్లు అయినా మనసు పట్టకపోతే అప్పుడు వెనక్కి రండి. ఎక్కువసార్లు ఆ అవసరమే రాదు.

ఇక భాష. 2025లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ మన థియేటర్లలో తెలుగులోనూ ఆడింది, సోలో లెవలింగ్ లాంటివి తెలుగు డబ్బింగ్‌లో దొరుకుతున్నాయి. ఏ రొమాంటిక్ కామెడీకైనా మొదటి సీజన్ ఏ భాషలో విన్నారో రెండోది కూడా ఆ భాషలోనే వినండి. మీరు ఇష్టపడింది ఆ గొంతులను కూడా. మార్చాలనుంటే మొదటి సీజన్ మళ్ళీ చూసేటప్పుడే మార్చండి, చెవికి అలవాటు పడటానికి సమయం దొరుకుతుంది.

కాగుయా-సామా రెండో సీజన్ పూర్తి చేసినవాళ్ళు తర్వాత ఏది చూడాలని అడుగుతుంటారు. 2022 ఏప్రిల్‌లో మొదలైన మూడో సీజన్, ఆ తర్వాతే అదే ఏడాది డిసెంబరులో వచ్చిన సినిమా. ఈ వరస తప్పకండి, ఎందుకంటే మూడో సీజన్ ముగిసిన చోటే సినిమా మొదలవుతుంది. ఈ రెండిటి మధ్య మాత్రం విరామం పెట్టొద్దు, కుదిరితే అదే వారంలో చూసేయండి.